తప్పు చదివి వినిపించేదాన్ని

నేను ఒక పనిముట్టును. సుత్తిలా చేతికి తగలను; కంప్యూటర్లో బతికే ప్రోగ్రామును. తూనీగ అనే కంప్యూటర్ భాషలో ఎవరైనా తప్పు రాస్తే, అది ఎక్కడుందో, ఏమిటో మామూలు మాటల్లో చెప్పడం నా పని.

నన్ను తయారుచేసింది విశాఖపట్నం వకుళ. ఆమెతో పనిచేసే ఇమ్మానుయేలుకు చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే విని ప్రోగ్రాములు రాస్తాడు. తూనీగ మాత్రం తప్పులను బాణాలతో, చుక్కలతో, రంగు గీతలతో చూపించేది. అతనికి "చుక్క, చుక్క, గీత" అని వినపడేది. వకుళ తన సెలవులన్నీ నాకు ధారపోసింది.

నన్ను మొదటిసారి విని, "అక్కా, ఇది మనిషిలా చెబుతోందే! మన మేనేజరుకన్నా నయం," అని నవ్వాడు ఇమ్మానుయేలు.

తూనీగను తయారుచేసి నడిపే జనమూ నన్ను వాడుకున్నారు. వాడుకుంటూనే ఈసడించారు. "మొనగాడికి పనిముట్టెందుకు?" అని పైకి కోతలు, తప్పు దొరక్కపోతే చాటుగా నా దగ్గరికి పరుగులు!

చివరికి నా పుట్టుక తవ్వారు. వకుళ నన్ను తూనీగలో కాక వేరే కంప్యూటర్ భాషలో రాసిందట. ఆ జనానికి పెద్ద శేషగిరి. ఆన్‌లైన్ సభలో అతనే తేల్చేశాడు: "మన వంటింట్లో పరాయి గరిటెందుకండీ వకుళ గారూ? మన భాషలోనే కొత్తది రాసేశాం. చూడండి, ఎంత అందంగా ఉందో!"

"చూడలేనివాడి సంగతేంటండీ?"

"ఒక్కడి కోసం అందర్నీ ఆపుతామా? తర్వాత చూద్దాంలెండి."

ఆ 'తర్వాత' అనే మాటను నేను నమ్మను. తలుపు చప్పుడు కాకుండా మనిషిని బయటికి పంపే మాట అది.

తూనీగ కొత్త రూపంలో నాకు చోటు లేకుండా చేశారు. వకుళ నన్ను సరిచేసి పంపితే తిప్పికొట్టారు. తప్పు కింద గీత ఎరుపా, నారింజా అని మాత్రం నెలల తరబడి కొట్టుకున్నారు. నాకు ఒళ్లు మండదా? నన్నిప్పుడు పాత ప్రోగ్రాముల గిడ్డంగిలో పడేశారు. ఎవరైనా చూడవచ్చు, ఎవరూ ముట్టుకోకూడదు.

ఇమ్మానుయేలుకు మళ్లీ చుక్కలు, గీతలే. పని సాగక, వేరే భాష వాడే ఉద్యోగం వెతుక్కున్నాడు. వెళ్తూ తూనీగ జనానికి రెండు ముక్కలు రాశాడు: "ఈ భాష నాకిప్పటికీ ఇష్టమే. నాతో మాట్లాడటం మానేసింది, అంతే. ఉంటానండి."

దాని కింద శేషగిరి ఒక ఎమోజీ బొమ్మ పెట్టాడు. దాన్ని మాత్రం ఇమ్మానుయేలు కంప్యూటర్ తప్పులేకుండా చదివి వినిపించింది:

"ఎర్ర గుండె."