ఆఖరి హాలీ సంచులు

రాజక్క దబ్బనాన్ని గోనెసంచి మూతిలోంచి లాగి, పురికొసను పళ్లతో పట్టి బిగించింది. మోకాళ్ల నడుమ నిలబెట్టిన సంచిలో వెండి సిక్కా నాణేలు ఒకసారి గరగరలాడి సర్దుకున్నాయి.

చాందా ఖజానా వరండాలో గోడవార ఆమె చోటు. కుడి బొటనవేలికి గోరు లేదు. దబ్బనం నెట్టీ నెట్టీ ఆ వేలు గరిటెలా చదునైపోయింది. నడుము ఒక పక్కకు వాలిపోయింది. మాటలు తక్కువ. పొద్దంతా పళ్ల మధ్య పురికొస ఉంటే మాటకు చోటేది?

ఆమె మగడు లచ్చయ్య నిజాం కాలంలో రాజురా ఖజానా హమాలి. మోస్తున్న నాణేల పెట్టె మీదపడి చనిపోయాడు. అప్పటి అధికారి జాలిపడి ఆమెకు సంచుల మూతులు కుట్టే పని ఇచ్చాడు. తర్వాత నిజాం రాజ్యం పోయింది. ఇక నిజాం నాణెం హాలీ సిక్కా చెల్లదని, దేశమంతటా ఒక్కటే రూపాయి నడుస్తుందని చాటింపు వేశారు. రాజురా తాలూకాను ఆదిలాబాదు నుంచి తీసి నాందేడులో, అక్కడి నుంచి తీసి చాందాలో కలిపారు. జనం అప్పజెప్పిన పాత సిక్కా బండ్లకెక్కి వార్ధా నది దాటి ఇక్కడికి వచ్చింది. రావద్దని ఎవరూ అనలేదు కనుక ఆ బండ్ల వెనకే రాజక్క నడిచి వచ్చింది.

కుట్టిన ముడి మీద గుమాస్తా రామకిషన్ లక్క పోసి ముద్ర వేస్తున్నాడు.

"గివన్ని ఏడికి పోతయి సారూ?" అని అడిగింది.

"టంకసాలకు. భట్టీల ఏసి కరిగిస్తరు."

"మీదున్న చార్మినార్ గుడనా?"

రామకిషన్ నవ్వబోయి ఆగాడు. "అది గుడ."

ఆమె రెండు కుట్లు వేసింది. పొద్దున్నుంచి ఎడమ రెక్క గుంజుతోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒంటిచేత్తోనే పురికొస లాగింది.

"మల్ల రేపటి సంది?"

"రేపటి సంది ఏం లేదు రాజక్కా. నోట్ల కట్టలకు కుట్టుపని ఉండదు. పెద్ద సాయెబును అడిగిన. నీకు వేరే జాగ లేదన్నడు."

ఆమె తల ఊపింది. ఆ పూట మిగిలింది ఒక్క సంచే. దానికి ఎప్పటికన్నా దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. ఒక వరస అయ్యాక దాని మీదే ఇంకో వరస వేసింది. గంటలో అయ్యే పని పొద్దు వాలేదాకా సాగింది. రామకిషన్ చూశాడు. తొందరపెట్టలేదు. చివరికి ఆమే దబ్బనాన్ని కొంగుతో తుడిచి అతని బల్ల మీద పెట్టింది. అది సర్కారు సొత్తు.

గేటు దగ్గర ప్రతి సాయంత్రం పహరా జవాను బాపురావు ముందు ఆమె ఏమీ దాచలేదని కొంగు దులిపి, కుచ్చిళ్లు విదిలించి చూపాలి. రాజురాలోనూ అంతే. వయసులో ఉన్నప్పుడు ఆ సిగ్గుకు ఇంటికెళ్లి ఏడ్చేది. ఈరోజు బాపురావు బీడీ ముట్టించుకుంటూ వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"రాహూ దే బాయీ. ఇగ ఏం చూసేది?"

రాజక్క కదల్లేదు. కొంగు చాపి దులిపింది. అతను అటు తిరిగి పొగ వదిలాడు. ఆమె మళ్లీ దులిపింది. ఇంత పురికొస ముక్క రాలింది. అతను చూడనే లేదు.

చీకటి పడుతుండగా ఇంటికి చేరింది. పక్కగదిలో ఉండే జయ గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"తిన్నవా పెద్దమ్మా?"

"ఆకలైతలేదు బిడ్డా. ఒళ్లు బరువుంది."

"జొన్నగట్క ఉన్నది, తెస్త."

"పొద్దుగాల తెద్దువు తియ్యి."

పొద్దున జయ గట్క గిన్నెతో వచ్చి తలుపు నెట్టింది. రాజక్క గోడకు తిరిగి ఒత్తిగిలి పడుకుని ఉంది. పిలిచినా పలకలేదు. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. మధ్యాహ్నానికి వాడకట్టు మగవాళ్లు నలుగురు పాడె కట్టి తీసుకుపోయారు. రామకిషన్‌కు కబురు అందేసరికి సిక్కా సంచుల బండ్లు స్టేషను చేరాయి.

జయ గది ఊడుస్తూ చాపను చుట్టింది. తల పెట్టుకునే చోట పాతచీర గుడ్డతో కుట్టిన దిండు ఉంది. మూడు వైపులే కుట్టి ఉంది. నాలుగో వైపు నుంచి బూరుగు దూది బయటికి వచ్చి, తలుపుగాలికి కొంచెం కొంచెంగా లేస్తోంది.