రెండు కొసలు పట్టాల్సిన ఇరుసు

నేను ఒక వెనక ఇరుసుని. మెకానిక్కులు హౌసింగ్ అంటారు. ఏమని పిలిచినా నేను పలకను. పుట్టింది కొలిమిలో, ఎదిగింది పాల వ్యాను కింద. వ్యాను తుక్కయ్యాక విశాఖపట్నంలో మెకానిక్ మస్తాన్ షెడ్డులో పడ్డాను. పక్కనే ఇంకో ఇరుసు, కారుది. నా పళ్ళచక్రాలు బరువు లాగుతాయి, దానివి పరుగెత్తుతాయి. అంతే తేడా. దానికోసం ఇద్దరు అన్నదమ్ములు రెండేళ్ళు వాదించుకున్నారంటే మనుషులకి వేరే పని లేదనుకోవాలి.

అన్న జోగారావు, తమ్ముడు పైడిరాజు. తండ్రి వదిలిపోయిన పాతకాలపు కారు చట్రం మీద, దొరికిన భాగాలతో సొంతంగా బండి కట్టుకుంటున్నారు. దాన్ని అరకు ఘాటీ ఎక్కించాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఇంజను చిన్నది, దీన్నే వేద్దామని అన్న నన్ను చూపిస్తాడు. చదును రోడ్డు మీద నత్తలా పాకాలా, కారుదే వేద్దామంటాడు తమ్ముడు.

నన్ను కొలవాలంటే ఇద్దరుండాలి. చెరో కొస పట్టుకుని, సుద్దగీత చూసుకుంటూ కలిసి ఒక్క చుట్టు తిప్పాలి. మధ్యలో ఇంజనుకి కలిసే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అంత లెక్క. ఎక్కువ తిరిగితే బండి కొండ ఎక్కగలదు, తక్కువైతే చదునులో పరుగెత్తుతుంది. తిప్పగానే జోగారావు "అయిదు" అనేవాడు. "కాదన్నయ్యా, నాలుగున్నర" అనేవాడు పైడిరాజు. ప్రతి ఆదివారం ఇదే తంతు. నిజానికి నాది అయిదే. నన్నెవరూ అడగలేదు.

మొన్న వానాకాలంలో పైడిరాజు గుండె ఆగి చనిపోయాడు. దినకర్మలయ్యాక జోగారావు వచ్చి కారు ఇరుసు బిగించమన్నాడు. ఘాటీ ఎక్కదని మస్తాన్ నచ్చజెప్పబోయాడు. వినలేదు.

ఘాటీ మొదటి ఎత్తులోనే బండి మొదటి గేరులో కూడా కదల్లేక నిలిచిపోయింది. లారీకి కట్టి లాక్కొచ్చారు. మస్తాన్ నన్ను బయటికి లాగి, తుడిచి పెట్టాడు. నా వంతు వచ్చిందనుకున్నాను. సంతోషమేమీ కలగలేదు; ఇనుముకి అలాంటివి పట్టవు.

జోగారావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు మస్తానూ. ఆడు బతికుండగా ఒక్కపాలి కూడా ఆడి మాట నెగ్గనివ్వలేదు. ఇప్పుడు ఆడన్నదే ఉండనీ."

"మరి ఘాటీ సార్?"

"ఎక్కకపోతే పోనీ."

బండి ఇప్పుడు బీచ్ రోడ్డు మీదే తిరుగుతోందట. నేను తుక్కులోనే ఉన్నాను. ఆదివారాలు జోగారావు వస్తాడు. సుద్దతో గీత పెట్టి, ఒక్కడే నా ఇటు కొస తిప్పుతాడు. పట్టుకునేవాడు లేక అటు కొస వెనక్కి తిరుగుతుంది. షాఫ్టు కదలదు. మస్తాన్ సాయం వస్తానంటే వద్దంటాడు.

"అయిదు" అంటాడు. కాసేపు ఆగుతాడు. ఎవరూ కాదనరు.