అంకుడు కర్ర చెవి

నేనొక చెక్కగొట్టాన్ని. జానెడు పొడవు, ఒకవైపు ఉమ్మెత్తపువ్వంత నోరు, రెండోవైపు చెవికి ఆనించుకునే బిళ్ల, మధ్యలో పొడుగునా బెజ్జం. గర్భిణి పొట్టమీద నన్ను నిలబెట్టి బిళ్లకు చెవి ఆనిస్తే లోపలి బిడ్డ గుండె వినిపిస్తుంది. ఇంతే నా విద్య. ఈ మాత్రానికే మనుషులు నన్ను ఆసుపత్రిలో అద్దాల బీరువా ఎక్కించారు.

మా జాతివాళ్లు సీమనుంచి ఓడల్లో దిగేవారట. నేను మాత్రం ఏటికొప్పాకలో పుట్టాను. పురుళ్లాసుపత్రి నర్సు ఎస్తేరమ్మ దగ్గరున్న సీమగొట్టం వేణ్ణీళ్లలో నాని నాని పగిలింది. కొత్తది రావాలంటే ఆర్నెల్లు. ఆవిడ ఆ ముక్కలు సంచిలో వేసుకుని, లక్కబొమ్మలు చేసే అప్పలాచారి దగ్గరికి వచ్చింది.

"ఇది బొమ్మ కాదండీ ఆచారిగారూ, పనిముట్టు. తేడా వస్తే ప్రాణాలమీదికొస్తుంది" అంది.

"నలబయ్యేళ్ల సెయ్యమ్మా ఇది. సూస్కోండి" అన్నాడాయన.

అంకుడు కర్రను తరిమెనకు బిగించి, గిరగిర తిప్పుతూ ఉలితో నన్ను తీర్చాడు. ఎర్ర లక్క అద్ది మొగలాకుతో మెరుగుపెట్టాడు. ఆయన నన్ను చూసి మురిసిపోయాడు. నేనూ తక్కువేం తినలేదు.

నన్ను తీసుకెళ్లడానికి ఎస్తేరమ్మ వచ్చినరోజు ఆచారి కూతురు వరహాలు పుట్టింట్లోనే ఉంది. ఎనిమిదో నెల. తొలిచూలు కడుపులోనే పోయింది. ఈసారి బిడ్డ నిన్నటినుంచి కదలడం లేదని ఆ పిల్ల మెతుకు ముట్టలేదు.

"తొలీత మా పిల్లకే పెట్టండమ్మా" అన్నాడు ఆచారి.

పెట్టింది. చప్పుడు లేదు. జరిపి పెట్టింది. లేదు. ఎస్తేరమ్మ మొహం చూసి వరహాలు పమిట నోట్లో కుక్కుకుంది. లోపల బిడ్డ గుండె టకటకలాడుతున్న సంగతి నాకు తెలుసు. చెబుదామంటే నోరైతే ఉంది గానీ గొంతు పూడిపోయింది.

ఆచారి నన్ను లాక్కుని కిటికీకేసి పెట్టి చూశాడు. వెలుగు కనబడలేదు.

"నా సేతులు పడిపోనూ. బొమ్మకి మూసినట్టు మూసీసినానమ్మా" అన్నాడు.

తరిమెన మీంచి దించాక బొమ్మకు మేకు గుచ్చిన బెజ్జం మిగులుతుంది. దాన్ని లక్కతో పూడ్చకపోతే వాళ్లలో పరువు తక్కువ. నలభయ్యేళ్ల ఆ అలవాటే నా బెజ్జాన్నీ నున్నగా పూడ్చేసింది. పనితనం ఎక్కువైనా చిక్కే.

గొడుగు కమ్మీ ఎర్రగా కాల్చి నాలోకి దూర్చాడు. నొప్పి సంగతి అడక్కండి. ఎస్తేరమ్మ మళ్లీ ఆనించి, చాలాసేపు విని, "ఉంది" అంది. ఆచారిని పిలిచి వినమంది.

"మన తరిమెనకంటే జోరుగా తిరగతన్నాదే వరాలూ" అంటూ ఆయన ఏడ్చేశాడు.

ఆ తర్వాత నేను విన్న గుండెలకు లెక్కలేదు. ఆచారి ఇంకా ఎన్నో గొట్టాలు చేశాడు. ప్రతిదాన్నీ వెలుగుకు పెట్టి చూశాకే ఇచ్చేవాడు. గుండెచప్పుడు గదంతా వినిపించే మిషన్లు వచ్చాక నాకు విశ్రాంతి దొరికింది. వాటిమీద నాకు అసూయ లేదు. నన్ను కాల్చిన చేతికి, నన్ను నమ్మిన ప్రతి చెవికీ రుణపడి ఉన్నాను.

మొన్న ఒక ముసలావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నా బెజ్జం చుట్టూ కాలిన మచ్చ చూసి గుర్తుపట్టింది. వరహాలే. బీరువా తీయించి నన్ను ఒళ్లోకి తీసుకుంది.

"నర్సమ్మ ఇన్నాది, మా అయ్య ఇన్నాడు. నా కడుపులోది నాకే ఇనబడనేదు" అంది.

నిజమే. తన పొట్టమీది గొట్టానికి తల్లి చెవి అందదు. నన్ను చేసినవాళ్లెవరికీ ఆ ఆలోచన రాలేదు, నాకూ రాలేదు.

ఆనాటి ఆ కడుపులో బిడ్డే, ఇప్పటి అరవయ్యేళ్ల కూతురు, నన్ను అందుకుని, నా నోరు తన గుండెకు ఆనించుకుని, బిళ్లను తల్లి చెవికి పెట్టింది. వరహాలు కళ్లు మూసుకుని చాలాసేపు వింది.

"ఉన్నాది" అంది.