ఎనిమిదవ రాక

శరత్కాలాపరాహ్ణమున మేఘలేశమైన లేని యాకాశముక్రింద వర్షర్తువునందలి యుద్ధతినంతయు విడిచి సన్నని పాయలుగాఁ జీలి సైకతమధ్యమునఁ బాఱుచున్న స్వర్ణముఖీనదియందు కలంకారీ పనివారి యాఁడువారు మోకాలిబంటి నీట నిలిచి రంగులద్దిన వస్త్రములను బ్రవాహమునకు వాలుగాఁ బఱచి జాడించుచుండిరి. మంజిష్ఠరాగమును నీలవర్ణమును బసపుచాయయు నీటఁ గలసి కొంతదూరము తీఁగలుసాగి పిమ్మట నెచ్చటనో మాయమగుచుండెను. తడిసిన దేవతలందఱు నిసుకమీఁద వరుసగాఁ బరుండి యాఱుచుండిరి.

ఆ యేటియొడ్డున కనతిదూరముననున్న సందులో మూఁడుతరములనుండి గుడ్డమీఁద దేవతలను వ్రాసెడు నింట పంచలోని గోడకుఁ జేరగిలఁబడి కూర్చున్న చెంగల్రాయుఁడు మాత్రము తానున్నది నిజముగాఁ దన యింటనా కాదా యని యోచించుచుండెను. ఈ సంశయ మితరులకు నవ్వు పుట్టింపవచ్చును. అతనికిఁ బ్రాణసంకటమై యుండెను.

ఏఁబదియాఱేండ్ల వయస్సువాఁడగు నీ చెంగల్రాయుఁడు చింతబొగ్గుతో ముందు గుఱుతు వేసికొనకయే కసిము నద్దిన వెదురుకలమును గుడ్డపై నానించి యమ్మవారి కిరీటాగ్రమునుండి పాదాంగుష్ఠమువఱకు నొక్క యూపున గీత సాగింపఁగల హస్తలాఘవము గలవాఁడు. కసిమనఁగా నినుపతుక్కును దాటిబెల్లమును నీట నానవైచి పులియఁబెట్టిన నల్లనిద్రవము. కరక్కాయయు నెనుముపాలును బట్టించిన గుడ్డపై నది సోఁకెనా చెఱుపుట బ్రహ్మతరము గాదు. గీత మగవానిది రంగు ఆఁడుదానిది యనునది యా వీథి కట్టుబాటు. అతని భార్య మునిరత్నమ్మ ముప్పదియేండ్లుగా మగని గీతలలోపల రంగు నింపుచు వచ్చినదే కాని కసిముకలమును జేతఁ బట్టి యెఱుఁగదు.

జ్యేష్ఠమాసమునఁ బొడసూపిన విషజ్వర మొకటి నాలుగుదినములలో నతని యూపిరితిత్తుల నాక్రమించి యతనిఁ బట్టణములోని పెద్దయాసుపత్రికిఁ జేర్చెను. అచ్చట నతఁడు నలువదియేడు దినము లుండెను. అందు ముప్పదియొక్క దినము యంత్రమే యతనికి బదులుగా నూపిరి పీల్చెను. ప్రాణము దక్కెను గాని దక్కినది ప్రాణము మాత్రమే. కుడిపాదము పైకి లేవక నేల రాచుకొనుచు వెనుకఁబడుచుండెను. వ్రేళ్ళు తిమ్మిరెక్కి వడఁకుచుండెను. శ్వాసకొఱకుఁ గంఠమునఁ ద్రవ్విన రంధ్రము పూడినను గొంతు బొంగురువోయెను. పంచమూలనుండి యహోరాత్రములు గురుగురుమను ప్రాణవాయుయంత్రమునుండి వచ్చు సన్ననిగొట్టము ముక్కున లేనిచోఁ బదియడుగులైన నడువలేకుండెను. చూడవచ్చిన యిరుగుపొరుగువారు యముని గెలిచి వచ్చితివని వీఁపు తట్టి కాఫీ త్రాగి పోవుచుండిరి. గెలిచినవానికిఁ జెంబెత్తుటకు రెండుచేతులేల కావలసివచ్చెనో వారిలో నొక్కరు నడుగలేదు.

అయినను అతనిఁ దినివేయుచున్నది దౌర్బల్యము గాదు. వైద్యశాలయందు స్మృతి తప్పియున్న దినములలో నతఁడు ఏడుమాఱు లింటికి వచ్చెను. ప్రతిమాఱును ఆటో గుమ్మముకడ నిలిచెడిది. మునిరత్నమ్మ యెఱ్ఱనీళ్ళు దిగఁదుడిచి లోనికిఁ గొనిపోయి రాగిసంగటి పెట్టెడిది. పిమ్మట గుడ్డ పఱచికొని కలము పట్టఁగా గీత వెండ్రుకవలె సన్ననై తొణకక బెణకక సాగెడిది. గీత బాగుండాదని భార్య ప్రక్కన నిలిచి మెచ్చుకొనెడిది. అంతలో మొగముమీఁద నేదియో తగులుకొని యున్నట్లు తోఁపఁగా దానిఁ బెఱికివైచినంతనే గుడ్డపైని దేవతల ముఖములకు ముసుఁగులు పడి యిల్లు కరఁగిపోయి పచ్చదీపములును గీచుమను యంత్రములును దెల్లనిగోడలును బ్రత్యక్షమగుచుండెడివి. చేతులు రెండును మంచపుఁగమ్ములకుఁ గట్టఁబడి యుండెడివి. కేక వేయఁబోయినచో గొంతులో గొట్ట మడ్డుపడెడిది.

కావున నిజముగ నాటో వచ్చి గుమ్మముకడ నిలిచి మునిరత్నమ్మ యెఱ్ఱనీళ్ళు దిగఁదుడిచినప్పుడు వీథివీథియు సంతసించుచుండఁగా చెంగల్రాయుని గుండె ఝల్లుమనెను. ఇది యెనిమిదవ రాక. ఈ మాట నోరుజాఱి యన్నచో నీ యిల్లుకూడఁ గరఁగునని వెఱచి యతఁ డెవ్వరితోనుఁ జెప్పక నిద్రించుటకు భయపడి నిద్రించిన మేలుకొనుటకు భయపడి దినములు గడపుచుండెను. తలుపు గడియ తడవి చూచెను. కసిముకుండ వాసన చూచెను. అవియన్నియు నా కలలయందును నుండినవే.

చేతికిఁ బని చెప్పుచుండవలెనని వైద్యులనియుండుటచేత రెండుమాసములైన పిమ్మట నొకనాఁటి యుదయమున మునిరత్నమ్మ జానెడు వెడల్పుగల గుడ్డ పఱచి కలము చేతికిచ్చెను. అతఁడు అమ్మవారి ముఖము వ్రాయఁ బూనుకొనెను. నుదురు దిగుచుండఁగనే వ్రేళ్ళు వశము దప్పెను. ముక్కుకడఁ గలము నొక్కుకొని కసిము బొట్టుగాఁ గాఱెను. గడ్డము గడ్డము గాకపోయెను. కన్నులు చీఁకట్లు గ్రమ్మి యాయాసముతో నతఁ డాచోటనే యొరిగి మధ్యాహ్నమువఱకు నిద్రించెను.

లేచి చూచునప్పటికి గుడ్డ యచ్చటనే యుండెను. దానిమీఁది యమ్మవారి ముఖము నిండుచంద్రునివలె నుండెను. ఒక్కబొట్టైనఁ గాఱలేదు.

“నేనే గీస్తినా ఇది?”

“మరెవురు గీస్తారు? గీత బాగుండాది. నీ చెయ్యి యాడికి పోతాదిలే,” అని మునిరత్నమ్మ మొగము ప్రక్కకుఁ ద్రిప్పుకొని పలికెను.

కలలలోని భార్యయు నిట్లే పలికెడిది. రెండవనాఁడును మూఁడవనాఁడును నటులే జరిగెను. ఉదయమున గీత యతని కన్నులయెదుట వంకరలు పోవును. నిద్రించి లేచునప్పటికిఁ జక్కఁబడియుండును. నాలుగవనాఁ డతనికి సందేహము లేకపోయెను. వడఁకెడు చేతినుండి వడఁకని గీత వచ్చు లోకమొకటియే కలదు. తానింకను ఆ మంచముమీఁదనే యున్నాఁడు. తన చేతులు కట్టఁబడియే యున్నవి. నిజమైన మునిరత్నమ్మ యెచ్చటనో యాసుపత్రివాకిట నేలపైఁ గూర్చుండి తనకొఱకుఁ గాచుకొని యున్నది. ఆమెకడకుఁ బోవుటకు మార్గ మతని కెఱుకయే.

ఆమె పెరటిలోఁ గరక్కాయలు దంచుచుండఁగా నతఁడు ముక్కునుండి గొట్టమును దీసి ప్రక్కనుంచెను. వెంటనే యేమియు జరుగలేదు. పిమ్మట ఱొమ్ముమీఁద నెవ్వరో కూర్చున్నట్లాయెను. నోరు తెఱచి పీల్చినకొలఁది గాలి పెదవులకడనే నిలిచిపోవుచుండెను. గోడలంచులు నల్లనై లోపలికి ముడుచుకొనుచుండెను. భయము పట్టలేక చేయి గొట్టమువైపు సాగఁగా దానిని రెండవచేతఁ బట్టి యాపుకొనెను. అంతలో శ్వాసలోపమును దెలుపుటకై వ్రేలికిఁ దగిలించియున్న చిన్నపెట్టె కీచుకీచుమని మొఱయఁజొచ్చెను. అది యాసుపత్రిధ్వనియే. తాను తలఁచినది నిజమేయని తెలిసి యతఁడు కన్నులు మూసికొని పచ్చదీపములకొఱకు వేచియుండెను.

ఆ ధ్వని విని మునిరత్నమ్మ రోఁకలి పడవైచి పరుగెత్తివచ్చి గొట్టమును మరల ముక్కునఁ జేర్చి తలను దన భుజమున కానించుకొనెను. నీలివాఱిన పెదవులతో నతఁడు పెనఁగులాడెను.

“వద్దు రత్నా. పెట్టొద్దు. మేలుకోనీ నన్ను.”

“ఏం మాట్లాడతా ఉండావు? మేలుకోనే ఉండావు గదా నువ్వు.”

“చెయ్యి వణకతా ఉండాది. గీత వణకడంల్యా. ఇది కల. నేనింకా ఆ మంచం మీదనే ఉండా. ఏడు తూర్లు వస్తి ఇట్లనే ఇంటికి. ఏడు తూర్లూ ఆడనే లేస్తి.”

అతని యూపిరి కుదుటఁబడి పెట్టె మొఱయుట మానిన పిమ్మట మునిరత్నమ్మ లేచి లోనికిఁ బోయి పాతచీరల పెట్టె యడుగునుండి మడచి దాఁచిన నాలుగు గుడ్డలఁ దెచ్చి యతని మోకాళ్ళపైఁ బఱచెను. నాలుగింటను నుదుటికడఁ దడఁబడి ముక్కుకడ బొట్టుగాఱి గడ్డమునఁ జెదరిపోయిన ముఖములుండెను.

“ఇవి నీవి. చూస్తే నీ గుండె పగిలిపోతాదని దాచిపెడితి. నువ్వు పండుకున్న పొద్దు నేనే వేరే గుడ్డ మింద గీస్తా వస్తి.”

“నువ్వా?”

“ముప్పై ఏండ్లు నీ గీతల లోపలే తిరగతా ఉంటిని గదా.”

అతఁడు చూపుడువ్రేలిని మొదటిగుడ్డమీఁది బొట్టుపై నుంచి యక్కడనుండి చెదరిన గడ్డమువఱకు మెల్లఁగ నడపెను. తన కలము నొక్కుకొన్నచోటు వ్రేలి కెఱుకపడెను. ఆ యేడు రాకలలో నెన్నఁడును గలము నొక్కుకొనలేదు. సిగ్గుపడఁదగిన యింత చెడ్డగీతను దనకుఁ దాను గలలోఁ జూపుకొనెడి కళాకారుఁ డుండఁడు. చెంగల్రాయుఁడు ఆ గుడ్డను మొగమున కద్దుకొని యేడ్చెను. ఇన్నిదినములు గొంతులో నిలిచిన కేక యిప్పుడు బొంగురుగా వెలువడెను.

భయము వదలినచోట దుఃఖము వచ్చి కూర్చుండెను. ఇది నిజమైనచో నా చేయియు నిజమే. ఒక్కయూపునఁ బాదాంగుష్ఠమువఱకుఁ బోవు గీత యిఁక రాదు. వచ్చినను ఎన్నఁడు వచ్చునో చెప్పఁగల వైద్యుఁడు లేఁడు. అతఁ డా మాట పైకనక భార్య వ్రాసిన ముఖమును జేతికిఁ దీసికొని చాలసేపు పరీక్షించెను. భయమున్నంతకాలము కంటఁబడని దొకటి యిప్పుడు కంటఁబడెను.

“మెడకాడ నొక్కి గీస్తివి. నేనట్ల గీయను.”

“తప్పే,” అని యామె తల వంచుకొనెను.

“తప్పు కాదు. నాదాని కన్నా బాగుండాది. ఇంకమింద నా ముందరనే గీయి. ఎవురన్నా ఏమన్నా అంటే నేను చెప్పుకుంటా.” ఊపిరి చాలక యతఁడు నిలిచి మరల ననెను. “ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. నా గీతను మాత్రం దిద్దొద్దు. ఎంత పాడుగా ఉన్నా సరే.”

“దిద్దను.”

మునిరత్నమ్మ మంచినీళ్ళు త్రాపి చాపమీఁదఁ బరుండఁబెట్టెను. నిద్ర మీఁదికి వచ్చుచుండఁగా నతఁడు మొదటిగుడ్డను గుప్పిట నిఱికించుకొని భయముభయముగఁ గన్నులు మూసెను. ఆమె ప్రక్కనే కూర్చుండి కలము ముట్టక కరక్కాయలు దంచక కనిపెట్టుకొని యుండెను.

దీపాలవేళకు మెలకువ వచ్చెను. ఎక్కడనో సన్నని కీచుధ్వని వినఁబడినట్లాయెను. అది పక్షియో యంత్రమో తెలియలేదు. మణికట్టులు కదలునో కదలవో చూచుటకు ధైర్యము చాలక యతఁడు కన్నులు తెఱవకయే కొంతసేపు శవమువలెఁ బడియుండి తుదకు నొకచేతిని మెల్లఁగఁ గదల్చెను. అది కదలెను. గుప్పిట విప్పి గుడ్డను మొగముపైకెత్తి కన్నులు తెఱచెను.

గీత వంకరగానే యుండెను.