శుభలేఖ పట్టుకున్న టైమ్‌కీపర్

నేను ఒక మిగిలిపోయిన శుభలేఖను. నాకు తొలిసారి పని దొరికిన క్షణంలో కౌముది ఫోను పట్టుకుని మంచం మీద ఎగురుతోంది.

"ఏవండీ! సాయంత్రం క్లబ్బులో టైమ్‌కీపర్‌ని నేనే!"

"నువ్వా? ముహూర్తానికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినదానివి!" అన్నాడు భార్గవ.

"వస్తే వచ్చాను. ఇవాళ మీ చేత మాట్లాడిస్తాను, చూడండి."

కాకినాడ ప్రెస్సులో నాలుగు వందల మందితో కలిసి పుట్టాను. వాళ్ళంతా తలో ఊరూ వెళ్ళి విందులు చూశారు. నేను మాత్రం నెలరోజులుగా బీరువా మీద దుమ్ము తింటున్నాను. ఎర్రగా ఉన్నానని కౌముది నన్ను దించింది. పచ్చ కార్డుకి పాత నోటుబుక్కు అట్ట, పసుపు కార్డుకి కాజాల పెట్టె మూత.

ఉపన్యాసాల క్లబ్బులో మనిషికి ఏడు నిమిషాలు. ఐదుకి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు చూపించాలి. ఏడు గంటలకల్లా యోగావాళ్ళకి హాలు అప్పగించాలి. అధ్యక్షులు, రిటైరైన హెడ్మాష్టరు సర్వారాయుడు మాష్టారు అప్పటిదాకా వేదిక వదలరు. భార్గవ తొలి ప్రసంగం మూడు శనివారాలు జేబులోనే తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం మాష్టారు 'మితభాషణం' గురించి మొదలుపెట్టారు. పచ్చకి చిరునవ్వు నవ్వారు. పసుపుకి మంచినీళ్ళు తాగారు. కౌముది కంగారులో నా ఖాళీ వైపు కాకుండా అక్షరాల వైపు చూపించింది. మాష్టారు కళ్ళజోడు సవరించుకుని నన్ను మైకులో చదివేశారు, విందు వివరాలతో సహా. సభ అక్షింతలు లేని చేతులతోనే దీవించింది.

"అమ్మాయీ, ఇది నాకు అందలేదే?"

"నాకూ రాలేదు," అన్నాడు కోశాధికారి.

"చూశారా! ఇక పిలుపుల మర్యాద గురించి నాలుగు మాటలు. ఇది వేరే ప్రసంగం, గడియారం మళ్ళీ మొదటినుంచి పెట్టమ్మా."

ఏడు గంటలకి ఇంకా మూడు నిమిషాలుంది. గుమ్మంలో యోగావాళ్ళు చంకలో మ్యాట్లతో నిలబడ్డారు. "మమ్మల్నీ పిలవలేదు," అన్నారొకరు. వాళ్ళెవరో కౌముదికి తెలియనే తెలియదు.

ఆమె లేచింది. "మాష్టారూ, పిలవనందుకు సంజాయిషీ మావారు చెబుతారు. మైకు ఇప్పించండి."

సంజాయిషీ వినే అవకాశాన్ని ఏ హెడ్మాష్టరు వదులుకుంటాడు? ఆయన కూర్చున్నారు.

భార్గవ వేదికెక్కాడు. నాలుగు కాగితాల ప్రసంగం తీశాడు, గడియారం చూశాడు, మళ్ళీ మడిచేశాడు.

"అందరికీ నమస్కారం. రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకి మా ఇంట్లో భోజనాలు. ఇల్లు రెండు గదులే. యోగావాళ్ళు మ్యాట్లు తెచ్చుకోవాలి. మాష్టారు మాట్లాడకుండా తినాలి."