మారు పలికే గొంతు

అమెరికాలో హెర్న్‌డన్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చి ఏడాది దాటినా గీతాంజలికి తెలిసిన మనిషి ఒక్కరే, ఎదురింటి ననూలి ఆంటీ. ఆఫీసు పని ఇంట్లోంచే. స్క్రీన్‌లో పలకరింపులకేం, బోలెడు. ఎదురుగా కూర్చుని "తిన్నావా?" అని అడిగే దిక్కు మాత్రం ఆ జార్జియా ముసలావిడే.

జార్జియా అంటే అట్లాంటా ఉన్నది కాదు, కాకసస్ కొండల దేశం. ఆవిడ ఊరి కొండమీద వెయ్యేళ్ల నాటి చర్చి ఉంది. క్రీస్తు పేరు ఆ కొండ ఎక్కకముందే అక్కడ పొయ్యి తల్లికి ఒక రాయి ఉండేదట. చర్చిని దానిమీదే కట్టారు. ఆడవాళ్లు మాత్రం ఏటా ఒక రోజు మూడు రొట్టెలు కాల్చి, రొట్టెకో మొక్కు చొప్పున ఆ పాత తల్లికే మొక్కుతారు. ఒకరు మొక్కితే ఇంకొకరు "ఆమెన్" అనాలి. మారు పలికే గొంతు లేకపోతే మొక్కు చెల్లదు. పదేళ్లుగా ఆవిడ ఇక్కడ మొక్కితే, ఊళ్లో చెల్లెలు సియాల ఫోన్‌లో పలికేది. ఈ చలికాలం సియాల పోయింది.

"ఆదివారం నువ్వు పలుకుతావా? ఒక రొట్టె చెల్లెలికి. లేకపోతే ఆ లోకంలో దానికి పొయ్యి వెలగదు," అంది ననూలి వచ్చీరాని ఇంగ్లీషులో. గీతాంజలి సరేనంది.

తీరా ఆదివారం పొద్దున్నే నెలసరి వచ్చింది. తన గదిలో దీపం పెట్టేటప్పుడు ఆ పట్టింపు ఏనాడూ లేని పిల్లే! కానీ ఇది పరాయి దేవత, పైగా పోయిన మనిషి మొక్కు. ఎక్కడ మైల పడుతుందోనని బెంగ పట్టుకుంది. గుమ్మం బయటే నిలబడి, "సారీ ఆంటీ, ఇవాళ నేను రాలేను," అంది. కారణం చెప్పడానికి నోరు రాలేదు. ననూలి తల ఊపి తలుపు వేసుకుంది.

గీతాంజలి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. లోపల మొక్కు మొదలైంది, ఆగింది. ఎవరూ పలకలేదు. రెండో మొక్కులో సియాల పేరు వినిపించింది. మళ్లీ ఆగింది, ఈసారి చాలాసేపు. ఆ నిశ్శబ్దం భరించలేక గీతాంజలికి ఏడుపొచ్చింది. మూడోది ఆగీ ఆగగానే తలుపుకి నోరానించి "ఆమెన్!" అని అరిచేసింది.

తలుపు తెరుచుకుంది.

"పీరియడ్స్ ఆంటీ. నేను టచ్ చేస్తే మీ ప్రేయర్ పాడవుతుందేమోనని..."

ముసలావిడ నొసలు చిట్లించింది. "ఆ రూల్ పైనున్న చర్చి వాళ్లది. కింద ఉన్నావిడ ఆడది. ఆవిడకి తెలియదా?"

చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. సియాల రొట్టెను మళ్లీ రెండు చేతుల్లోకి తీసుకుని, మొక్కు మొదటినుంచీ చెప్పి, ఆగింది. ఈసారి ఆవిడ ఎంతోసేపు ఆగాల్సిన పని లేకపోయింది.