వణకని చెయ్యి

గ్యాసు మంటను సన్నగా నీలంగా తగ్గించి, పెద్దాయన పట్టకారుతో ఉంగరాన్ని దాని మీదికి దించాడు. ఊపిరి బిగబట్టి లోలోపలే లెక్కపెట్టాడు. మూడు అనేసరికి వజ్రం కడుపులో తెల్లటి గీత లేచింది. ఐదు అనేసరికి రాయంతా సబ్బునీళ్ళలా మసకబారింది.

"చచ్చావు పో," అన్నాడు రాయితో.

ఇలా అవుతుందని ఆయనకు నిన్ననే తెలుసు. ఉంగరం బల్ల మీదికి రాగానే భూతద్దం కింద అటూ ఇటూ వంచి చూశాడు. ఇటు వంచితే నారింజ మెరుపు, అటు వంచితే నీలం. పగిలిన వజ్రంలో గాజు పోసి పగులు కనపడకుండా చేస్తే వచ్చే దొంగ మెరుపు అది. పైకి నిగనిగలాడుతుంది. మంట తగిలిందంటే లోపలి గాజు చెడి దాని బతుకు బయటపడుతుంది. రాయిని పట్టుకునే బంగారు గోరు ఒకటి అరిగిపోయింది, దాన్ని అతకాలి. రాయి ఊడదీసి అతుకుతాను, ఒక పూట పడుతుంది అని షాపు యజమానికి చెప్పాడు.

"గోరు అతకడానికి పూటా? రాయి ఉండగానే కానిచ్చెయ్ బాబాయ్. పాడైతే మామూలేగా!"

ఆ మామూలు ఏమిటంటే, ఈ గాజు పోసిన సరుకును యజమాని సిసలైన వజ్రమని చెప్పి అమ్ముతాడు. ఎప్పుడైనా మంట దగ్గర దాని గుట్టు బయటపడితే పెద్దాయన ముందు గదిలోకొచ్చి, తల వంచుకుని "చెయ్యి జారిందండీ" అనాలి. యజమాని నాలుగు తిట్లు తిట్టాలి. అదే రకం రాయి ఇంకొకటి ఊరికే పొదిగిస్తే, ఎంత మంచి షాపో అనుకుంటూ కొన్నవాళ్ళు వెళ్ళిపోవాలి. తొమ్మిదేళ్ళుగా ఇదే నాటకం. లోపల బాబాయ్, బయటికొస్తే ఏమయ్యా. ఆ పిలుపు పాడుగాను!

నలభై ఏళ్ళు రాళ్ళు పొదిగిన మనిషికి ఇప్పుడు జారుడు చెయ్యి అని పేరు. ఇంట్లో గ్లాసు పగిలితే అందరూ ముందు ఆయన వంకే చూస్తారు. మొన్న కూతురు చెవిదిద్దు వదులైతే తీసుకెళ్ళి వేరే షాపులో ఇచ్చింది. "ఏమీ అనుకోకు నాన్నా, నీ చేతులు బాలేవుగా" అంది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నిజం నోటిదాకా వచ్చింది. కానీ కూతురి నోట్లో మాట దాగదు, అది వీధిన పడితే ఉద్యోగం ఊడుతుంది, ఈ వయసులో ఇంకో బల్ల ఎవడిస్తాడు? మింగేశాడు.

పదకొండింటికి ముందు గదిలో గంట మోగింది. ఉంగరం పట్టుకుని వెళ్ళాడు.

ఉంగరం గలావిడ నర్సు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళ కింద చారలు. ఉద్యోగంలో పాతికేళ్ళు నిండాయని తనకు తానే కొనుక్కున్న ఉంగరమట. మసకబారిన రాయిని చూసి ఆవిడ మొహం వాడిపోయింది.

యజమాని అందుకున్నాడు. "కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా? చేసిన ఘనకార్యం నీ నోటితోనే చెప్పు ఆవిడకి!"

"చెయ్యి జారిందండీ."

ఇక తిట్లు రావాలి. తిట్లకు ఆయన ఎప్పుడూ జడవలేదు, తువ్వాలుతో చెమట తుడిచినట్టు తుడిచేసుకుంటాడు. కానీ నర్సు తిట్టలేదు. జాలిగా చూసింది. ఆ చూపుకి ఆయన ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యి ఇలా చాపండి."

"ఎందుకమ్మా?"

"చాపండి ముందు. వణుకు మొదట్లోనే పట్టుకుంటే మందులున్నాయి. మా వార్డులో రోజూ చూస్తాం."

ఆవిడ సంచీలోంచి పల్చటి కాగితం తీసి, చాపిన వేళ్ళ మీద పరిచింది. వేళ్ళు కదిలితే కాగితం అంచు వణుకుతుందట. యజమాని ఆవిడ వెనకనుంచి కళ్ళతో సైగ చేశాడు. వణికించు, ఏం పోయింది?

నిజమే, ఏం పోయింది? నాలుగు వేళ్ళు ఆడిస్తే చాలు. కాగితం కింద పడుతుంది, బల్ల ఉంటుంది, ఈవిడ మందు చెబుతుంది, జారుడు చెయ్యి అన్న పేరు చచ్చేదాకా ఖాయమవుతుంది. పెద్దాయన తన వేళ్ళ వంక చూశాడు. కాగితం అంచు కూడా కదలలేదు.

"ఇదేంటండీ, మా సర్జన్లకే ఇంత నిలకడ ఉండదు!" అంది నర్సు. "మరి ఎలా జారింది?"

"జారలేదు!" పెద్దాయన మాట అరుపులా వచ్చింది. "నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా జారలేదు. మీకు అంటగట్టింది పగిలిన రాయమ్మా. పగుల్లో గాజు పోశారు."

"మతి పోయిందా నీకు? నోర్ముయ్!" యజమాని మొహం కందగడ్డయింది.

నర్సు యజమానిని పట్టించుకోలేదు. "అయితే ఇలాంటిది అసలు కొనకూడదా?"

"తెలిసి, చవగ్గా, దిద్దుల్లోకి కొనుక్కుంటే మీ ఇష్టం. మంట తగలకుండా, ఘాటు మందులతో కడగకుండా పసిపిల్లలా చూసుకోవాలి. తెలియకుండా, జన్మంతా వేలికుంటుందని కొంటే మాత్రం నిలువునా మోసపోవడమే. ఆ మోసంలో నా చెయ్యి కూడా ఉంది." ఆయన జేబులోంచి భూతద్దం తీసి ఆవిడకిచ్చాడు. బదులివ్వడానికి యజమాని సిద్ధంగా పెట్టుకున్న రాయిని పట్టకారుతో అందుకుని ఆవిడ ముందు నిలిపాడు. "చూడండి, ఇలా వంచితే?"

"నారింజ రంగు," అంది నర్సు. ఆయన అటు వంచగానే, "ఇప్పుడు నీలం" అంది.

"గుమ్మం దిగావో, మళ్ళీ ఎక్కనివ్వను!" అని అరిచాడు యజమాని.

"ఎక్కమని బతిమాలినా ఎక్కను," అన్నాడు పెద్దాయన.

పట్టకారు బల్ల మీద పెట్టేసి, లోపలికి వెళ్ళి గ్యాసు కట్టేశాడు. ఆప్రాను విప్పి మేకుకు తగిలించాడు. అన్నం డబ్బా తీసుకుని ముందు గదిలోంచే బయటికి నడిచాడు. ముందు కూతురి దిద్దు చూడాలి, ఆ వేరే షాపువాడు దాన్ని ఏ మాత్రం బిగించాడో.

"ఆ అద్దాల బీరువాలో ఉంగరాల ట్రే కూడా ఇటు తియ్యండి," అంటోంది వెనక నర్సు.

ఆయన గుమ్మంలో ఒక్కసారి వెనక్కి చూశాడు. బొటనవేలు ఆనే చోట అరిగి మెరుస్తున్న ఇత్తడి భూతద్దం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.